కాంటా ఆగిన రోజు



ఈ ఏడు డిప్లొమా, డిగ్రీ, ఎంసీఏ అయిపోయిన మనోళ్లు చాలామంది సిస్టమ్ సపోర్టు, డేటాబేస్ పనుల్లో చేరుతున్నారు. అందుకే ఇన్నేళ్లు మాలో మేమే దాచుకున్న ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాం. రాసేది ఇద్దరం. ఒకరిది దేవరకొండ పక్కన తండా, ఇంకొకరిది అమ్రాబాద్ పైన చెంచుపెంట. హాస్టల్లో ఒకే గది, తర్వాత ఒకే ఉద్యోగం. ఇందులో చెప్పే తప్పు ఇద్దరిలో ఎవరిదని అడగొద్దు. పన్నెండేళ్లు మేం కూడా దాని మీద పంచాయితీ పెట్టుకున్నాం, తేలలేదు.

2012 వేసవి. అప్పటికి రాష్ట్రం రాలేదు, జిల్లాలు చీలలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్ద జిల్లాలుగానే ఉన్నాయి. మేం పనిచేసేది హైదరాబాద్‌లో ఒక చిన్న ఏజెన్సీలో. పల్లె టౌన్లలో మిల్లులు, గోదాములు, ఆస్పత్రులు, వాటి కంప్యూటర్లు చూసుకోవడం మా పని. నెలకు ఎనిమిది వేలు. బస్సు చార్జీలు ఇస్తామన్నారు, ఎప్పుడో ఒకసారి ఇచ్చేవాళ్లు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం దేవరకొండ రోడ్డు మీద ఉన్న ఒక జిన్నింగ్ మిల్లుకు పంపారు. పత్తి సీజన్ అయిపోయి మిల్లు ఖాళీగా ఉంది. అక్కడ కాంటా కంప్యూటర్‌కి వెనకాల ఒక సర్వర్ ఉండేది. అందులో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2. బండి నంబరు, రైతు పేరు, ఊరు, నిండు బరువు, ఖాళీ బరువు, తేమ, రేటు అన్నీ అందులోకే పోతాయి. అక్కణ్నుంచే కాంటా చీటీ వస్తుంది. ఆ చీటీ లేకపోతే రైతుకు పైసలు లేవు. కాంటా సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు సీజన్‌కల్లా కొత్త వెర్షన్ ఇస్తామని, దానికి డేటాబేస్‌కు సర్వీస్ ప్యాక్ 1 వేసి ఉండాలని ముందే చెప్పారు. మా పని అంతే. సర్వీస్ ప్యాక్ 1 వెయ్యడం, పడిందో లేదో చూడ్డం, షీట్‌లో రాసి సంతకం పెట్టడం.

సర్వీస్ ప్యాక్ అంటే తెలియని తమ్ముళ్లకు ఒక్క మాట. సాఫ్ట్‌వేర్ బయటికి వచ్చాక దొరికిన లోపాలకు చేసిన మరమ్మతులన్నీ ఒక మూటగా కట్టి ఇస్తారు, అదే సర్వీస్ ప్యాక్. ఏ మరమ్మతూ పడని మొదటి రూపాన్ని ఆర్‌టీఎం అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉందని అర్థం.

ఆ సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ ఒకటి కాదు, రెండు ఉన్నాయి. ఒకటి కాంటాది. ఇంకొకటి కూలీల హాజరు కోసం వేలిముద్ర మిషన్ పెట్టినవాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌తో పాటు తెచ్చి పెట్టిన చిన్నది. ఒకే మిషన్‌లో ఇట్లా వేరువేరుగా నడిచే ఒక్కోదాన్ని ఇన్‌స్టాన్స్ అంటారు. సర్వీస్ ప్యాక్ సెటప్ నడిపితే రెండింటినీ చూపించి, దేనికి వెయ్యాలో టిక్ పెట్టమంటుంది. మేం తెలివిగా ఆలోచించాం అనుకుని, ముందు హాజరుదానికి వేద్దాం, ఏమన్నా అయితే దానికే అవుతుంది, బాగా పడితే కాంటాదానికి వేద్దాం అనుకున్నాం. ఆలోచన మంచిదే. హాజరుదానికి బాగా పడింది కూడా.

అప్పుడే కరెంట్ పోయింది.

2012 వేసవి కరెంట్ కోతలు గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. యూపీఎస్ పది నిమిషాలు మొత్తుకుని ఆగింది. మేం బయటికి పోయి వేపచెట్టు కింద కూర్చున్నాం. గుమస్తా చాయ్ పంపిండు. మూడు గంటల తర్వాత కరెంట్ వస్తే లోపలికి ఒకరం ముందు పోయాం, ఇంకొకరం చెప్పులు విప్పి వెనక పోయాం. "అయిపోయిందా?" "అయిపోయింది." ఒకరు అడిగింది కాంటాదాని సంగతి, ఇంకొకరు జవాబు చెప్పింది హాజరుదాని సంగతి. ఆ రెండు మాటలే మొత్తం కథ.

అట్లని చూడకుండా రాలేదు. చూశాం. కాంటాదానికి కనెక్ట్ అయి, అందరూ కొట్టే ఆదేశమే కొట్టాం, సెలెక్ట్ @@వెర్షన్ అని. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, మీరు ఇంగ్లీషులోనే కొట్టాలి.) జవాబుగా నాలుగైదు వరుసలు వచ్చాయి. మొదటి వరుసలో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2, బ్రాకెట్లో ఆర్‌టీఎం, ఆ తర్వాత 10.50.1600.1. తర్వాత తేదీ, కాపీరైట్, ఎడిషన్. చివరి వరుస చివర్లో, బ్రాకెట్లో, బిల్డ్ 7601, సర్వీస్ ప్యాక్ 1.

మా కళ్లు సర్వీస్ ప్యాక్ 1 అనే మాట కోసమే వెతుకుతున్నాయి. దొరికింది. ఇంకేం కావాలి? షీట్‌లో రాశాం, ఇద్దరం సంతకం పెట్టాం, ఐదున్నర బస్సు ఎక్కాం.

ఆ చివరి వరుసలో ఉన్న సర్వీస్ ప్యాక్ 1 ఎస్‌క్యూఎల్‌ది కాదు, విండోస్‌ది. ఎస్‌క్యూఎల్ ఏ విండోస్ మీద కూర్చుందో కూడా ఆ ఆదేశం చెబుతుంది. విండోస్ సర్వర్ 2008 ఆర్2కి కూడా సర్వీస్ ప్యాక్ 1 ఉంది, దాని బిల్డ్ 7601. ఎస్‌క్యూఎల్ సంగతి మొదటి వరుసలోనే ఆర్‌టీఎం అని మొహం మీద చెప్పింది. మేం చదవలేదు. ఇంకా సిగ్గుచేటు ఏందంటే, మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఎడమవైపు చెట్టులా ఉండే జాబితా పైన, సర్వర్ పేరు పక్కనే 10.50.1600 అని రోజూ కనపడుతనే ఉంటది. కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల జాబితా చూసినా మోసపోయేవాళ్లమే. హాజరుదానికి పడింది కాబట్టి అక్కడ సర్వీస్ ప్యాక్ 1 ఉన్నట్టే చూపిస్తుంది, ఏ ఇన్‌స్టాన్స్‌కు పడిందో అది చెప్పదు.

అక్టోబర్ దాకా ఎవరికీ ఏం తెలియలేదు. కాంటా పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచింది. సీజన్ మొదట్లో కొత్త వెర్షన్ పెట్టారు. పొద్దున ఎనిమిదికి మొదటి బండి కాంటా ఎక్కింది. కంప్యూటర్ మీద డేటాబేస్‌కు సర్వీస్ ప్యాక్ 1 లేదు, వేసి మళ్లీ తెరవండి అని వచ్చి ఆగిపోయింది.

ఫోన్ మాకు వచ్చింది. మేం ఏమన్నామో తెలుసా? "సార్, మేం ఏప్రిల్‌లోనే వేసినం, షీట్ చూడుండ్రి, సంతకాలు ఉన్నయి. తప్పు మీ కొత్త సాఫ్ట్‌వేర్‌ది." రెండు గంటలు ఇదే పాట. మిల్లువాళ్లు సాఫ్ట్‌వేర్‌వాళ్లను తిట్టారు, వాళ్లు మమ్మల్ని. మధ్యాహ్నానికి మేం మిల్లు చేరేసరికి రోడ్డు మీద డీసీఎంలు, ఆటోలు, ట్రాక్టర్లు అర కిలోమీటరు నిలబడ్డాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒకాయన ఫోన్‌లో ఉండి నిదానంగా అన్నాడు, "తమ్ముడూ, కింది వరుస వదిలెయ్. పై వరుసలో నంబర్ చదువు." చదివాం. పది పాయింట్ యాభై పాయింట్ పదహారు వందలు. ఆయన నవ్వలేదు. "సర్వీస్ ప్యాక్ పడితే ఇరవై ఐదు వందలు ఉండాలె" అన్నడు అంతే.

ఏప్రిల్‌లో నిజంగా ఏం జరిగిందో చూద్దామని ఎర్రర్‌లాగ్ తెరిచాం. ఎస్‌క్యూఎల్ సర్వీసు మొదలైన ప్రతిసారీ లాగ్ మొదటి వరుసల్లో తన వెర్షన్ తానే రాసుకుంటుంది, తేదీ టైముతో సహా. మంచి సాక్ష్యం. కానీ మామూలుగా ఇప్పటి లాగ్ కాకుండా వెనకటివి ఆరు మాత్రమే ఉంచుతుంది, రీస్టార్ట్ అయిన ప్రతిసారీ పాతది ఒకటి పోతుంది. ఆ వేసవి కోతలకు సర్వర్ ఎన్నిసార్లు ఆగి లేచిందో! ఏప్రిల్ లాగ్ ఎప్పుడో పోయింది. మిగిలింది మా షీట్ ఒక్కటే, అది అబద్ధం.

బ్యాకప్ తీసి, సర్వీస్ ప్యాక్ వేసి, సర్వీసు లేపి, 10.50.2500 అని కళ్లతో చూసేసరికి పొద్దుగూకింది. మొదటి చీటీ ఆరున్నరకు బయటికి వచ్చింది.

ఏజెన్సీ ఓనర్ ఫోన్ చేసి అన్న మాట అట్లాగే రాస్తున్నాం. "కోటా చదువులకు సర్వర్లు ఇస్తే గిట్లనే ఉంటది." మాది ప్రైవేటు ఉద్యోగం, దానికి ఏ కోటా లేదు. ఇంతకుముందు కూడా ఇట్లాంటి మాటలు విన్నాం, అవి చెవి దాటేవి కావు. ఆ రోజు దాటింది. ఎందుకంటే తప్పు మాదే. తప్పు లేనప్పుడు ఆ మాటకు జవాబు ఉంటది. తప్పు ఉన్నప్పుడు, అది పదహారు వందలను ఇరవై ఐదు వందలు అనుకున్న తప్పు మాత్రమే అని, మన పుట్టుకకు దానికి సంబంధం లేదని చెప్పేందుకు నోరు రాలేదు. అదే ఆదేశం చూసి అదే పొరపాటు పడినవాళ్లు అన్ని కులాల్లో, అన్ని దేశాల్లో ఉన్నారని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు.

అది కాదు అసలు దెబ్బ. గేటు దాటి బయటికి వస్తే మాలో తండా అతని కాక కనబడ్డడు. చిన్నప్పటి నుంచి ఇద్దరికీ కాకే. ఇంకో రెండు ఇండ్లవాళ్లతో కలిసి డీసీఎం మాట్లాడుకుని పొద్దున్నే పత్తి తెచ్చిండు. ఆయన వాటా తొమ్మిది క్వింటాళ్లు. ఆ ఏడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 3,900. కాంటా ఆగింది, ఎప్పుడు లేస్తదో తెల్వదు, మబ్బు పట్టింది, బండివాడు వెయిటింగ్ అడుగుతున్నడు. గేటు కాడ తిరిగే దళారికి క్వింటాలుకు రెండు వందల యాభై తక్కువకు చేతి కాంటా మీద అమ్మేసిండు. లెక్క మీరే వేసుకోండి. మా జీతంలో పావు కన్నా ఎక్కువ.

మమ్మల్ని చూసి సంబరపడ్డడు. "మిషన్ మంచిగ చేసింది మీరేనా? జర ముందుగాల వస్తే అయిపోతుండె కదరా" అన్నడు. తలకాయ ఊపినం. ఆయన పైసలతోనే మాకు బస్టాండ్‌లో మిర్చి బజ్జీ కొనిచ్చిండు.

ఆ రాత్రి బస్సులో పెంట అతను ఒక మాట చెప్పిండు. వాళ్ల పెద్దలు తేనె కోసం కొండ చరియ మీద నుంచి తాడు పట్టుకుని దిగేటప్పుడు, పైన తాడు కాడ బావమరిదిని కూర్చోబెడతారు. దిగేవాడు తాడు మంచిదేనా అని తనను తాను అడగడు. పైన ఉన్నవాడు గుంజి చూస్తాడు, చెల్లెలు ముండమోయొద్దు కాబట్టి గట్టిగానే చూస్తాడు. మేమిద్దరం ఉండి కూడా తాడు ఎవరూ గుంజలేదు. ఒకరు అడిగినం, ఒకరు చెప్పినం, ఇద్దరం నమ్మినం. అప్పట్నుంచి మాకు ఒకటే పద్ధతి. అప్‌డేట్ వేసినవాడు వెర్షన్ చూడడు. రెండోవాడు, వేసేటప్పుడు అక్కడ లేనట్టుగా, కొత్తగా కనెక్ట్ అయి చూస్తాడు. ఒక్కరే పోతే, ఇంకొకరికి ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాలి. "పడింది" అనే మాట చెల్లదు, అంకెలే చెప్పాలి.

ఇక చూసే విధానం. @@వెర్షన్ పొడుగు జవాబు ఇస్తుంది, అందులో కన్ను జారుతుంది. దానికన్నా సర్వర్‌ప్రాపర్టీ అనే ఫంక్షన్ మేలు. దానికి ప్రొడక్ట్‌వెర్షన్ అని ఇస్తే నంబర్ ఒక్కటే వస్తుంది, ప్రొడక్ట్‌లెవెల్ అని ఇస్తే ఆర్‌టీఎం, ఎస్‌పీ1, ఎస్‌పీ2 ఇట్లా ఒక్క మాట వస్తుంది. విండోస్ గోల ఉండదు. వాటితో పాటు ఇన్‌స్టాన్స్ పేరు కూడా అడగండి, లేకపోతే మాలాగే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. మిషన్‌లో ఎన్ని ఇన్‌స్టాన్స్‌లు ఉన్నాయో విండోస్ సర్వీసుల జాబితాలో ముందే లెక్కబెట్టి, ప్రతి ఒక్కదానిలో విడివిడిగా అడగాలి.

నంబర్‌లో మొదటి ముక్క ఏ తరానిదో చెబుతుంది. 10.50 అంటే 2008 ఆర్2, 11 అంటే 2012, 12 అంటే 2014, 13 అంటే 2016. మూడో ముక్కే బిల్డ్, అసలు సంగతి అందులోనే ఉంటుంది. 2008 ఆర్2లో 1600 ఆర్‌టీఎం, 2500 ఎస్‌పీ1, 4000 ఎస్‌పీ2, 6000 ఎస్‌పీ3. 2012లో 2100 నుంచి మొదలై 3000, 5058, 6020, చివరికి ఎస్‌పీ4 7001. బట్టీ పట్టే పని లేదు. పనికి పోయే ముందు, ఇప్పుడు ఎంత ఉంది, పని అయ్యాక ఎంత ఉండాలి, ఈ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని పోండి. మేం ఆ రోజు మాట కోసం వెతికాం, అంకె రాసుకుని పోలేదు.

ఇప్పుడు చేరుతున్నవాళ్లకు ఇంకో మడతపేచీ ఉంది. 2017 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ సర్వీస్ ప్యాక్‌లు ఇవ్వడమే మానేసింది. క్యుములేటివ్ అప్‌డేట్లు, అంటే సీయూలు మాత్రమే వస్తాయి. కాబట్టి 2017, 2019, 2022లలో ఎన్ని సీయూలు వేసినా ప్రొడక్ట్‌లెవెల్ ఆర్‌టీఎం అనే చూపిస్తుంది. ప్రొడక్ట్‌అప్‌డేట్‌లెవెల్ అని అడిగితేనే ఏ సీయూ పడిందో చెబుతుంది. 2021లో ఒక చోట సూపర్‌వైజర్ స్క్రీన్ మీద ఆర్‌టీఎం చూసి, మీరు ఏం వెయ్యలేదు, ఉత్తగా బిల్లు పెట్టారని నలుగురి ముందు అన్నాడు. ఈసారి మా దగ్గర నోట్‌బుక్ ఉంది. వెయ్యకముందు అంకె, వేశాక అంకె, టైము, చూసినవాళ్ల పేరు. ఎర్రర్‌లాగ్ కాపీ కూడా ఆ రోజే వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. గొంతు పెంచలేదు. ఆదేశం ఆయన చేతనే కొట్టించాం. చూసి "ఓహో" అన్నాడు. సారీ అనలేదు, అది వేరే సంగతి.

ఇదంతా ఒక మిల్లు కాంటా గొడవ అనుకునేరు. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000ను పట్టుకుంది. అది మొత్తం 376 బైట్లు, మనం పంపే ఒక పొడుగు మెసేజ్ అంత. పట్టుబడే వీలున్న మిషన్లలో నూటికి తొంభైని పది నిమిషాల్లో పట్టేసింది, డెబ్బై ఐదు వేలకు పైగా. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ ఆగింది, అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు పైసలు ఇవ్వలేదు. దానికి మందు అంతకు ఆరు నెలల ముందే, 2002 జూలైలోనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ సొంత మిషన్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, మందు తయారుచేసిన ఇంట్లోనే అందరూ వేసుకోలేదు. ఇంకొందరికి తమ మిషన్‌లో ఎస్‌క్యూఎల్ ఉన్నట్టే తెలియదు. వేరే సాఫ్ట్‌వేర్‌తో పాటు లోపలికి వచ్చి కూర్చుంది, మా మిల్లులో హాజరుదాని లాగ. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు కూడా అంతే. అది విండోస్ లోపం, మరమ్మతు మార్చిలోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి.

విడుదల కావడం వేరు, మన మిషన్‌లో పడడం వేరు. తండాలోళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 2018 చట్టంతో మన తండాలు గ్రామ పంచాయతీలు అయినయి, బోర్డు మారింది. బోర్డు చూసి నీళ్ల ట్యాంకు సంగతి చెప్పలేం కదా, మూత తీసి చూడాల్సిందే.

కాకకు నిజం చెప్పడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఒక తీజ్ పండుగ రాత్రి చెప్పాం. కోపం చేస్తడనుకున్నం. కాసేపు బీడీ తాగి, "విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొన్నట్టు చేసిండ్రన్నమాట" అన్నడు. నకిలీ విత్తనాలతో ఒక ఏడు మొత్తం పోగొట్టుకున్న మనిషి. తర్వాత, "మరి గా రెండు వేల రెండు వందల యాభై ఎవరిస్తర్రా?" అని నవ్విండు. ఇద్దరం చెరిసగం ఇచ్చినం. తీసుకున్నడు.

ఇప్పుడు ఆ మిల్లులో 2019 వెర్షన్ ఉంది. మాలో ఒకరు హైదరాబాద్‌లో వేరే కంపెనీలో, ఒకరు నల్లగొండలోనే. అయినా ఏటా సెప్టెంబర్ చివర్లో, కాంటా మొదలయ్యే ముందు, నల్లగొండలో ఉన్నవాళ్లం పోయి సీయూ వేస్తాం, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లం అక్కణ్నుంచి కనెక్ట్ అయి అంకెలు చదువుతాం. రెండు ఇన్‌స్టాన్స్‌లకూ. ఈసారి కాక ముందు రోజే ఫోన్ చేసిండు. పత్తి ఆరు క్వింటాళ్లే వచ్చేటట్టుందట, మొదటి ఏరుడు అయిపోయిందట. "పదిహేను పాయింట్ ఎంతొచ్చిందిరా?" అని అడిగిండు. చదివి వినిపించాం. "సరే, కాంటా చీటీ చేతికొచ్చినంక ఫోన్ చేస్త" అన్నడు.